హన్మమ్మ దవాఖాన మంచం

తాండూరు స్టేషన్ దగ్గరి చిన్న దవాఖానలో ఒక పద్ధతి ఉండేది. నడిచొచ్చినవాళ్లు చెట్టు కింద లైన్లో కూర్చోవాలి. మంచం మీద మోసుకొచ్చినవాళ్లు నేరుగా లోపలికి పోవచ్చు. పోలీస్ యాక్షన్ అయి పదేళ్లు దాటినా ఆ పద్ధతి మారలేదు. మారాలని హన్మమ్మ కోరుకోనూ లేదు.

హన్మమ్మ వారానికొకసారి మంచం మీదే వచ్చేది. ఒక వారం కడుపులో పోటు, ఇంకో వారం గుండెదడ, ఈ వారం కాళ్లు పడిపోయాయి. మోసేది మరిది కొడుకులు నలుగురు. ఊరు రెండు మైళ్లు. నిజం చెప్పాలంటే మైలున్నర ఆమే నడిచేది, ఖాళీ మంచం వెనకాల వచ్చేది. రైలు గేటు దాటాక అటూ ఇటూ చూసి, ఎక్కి పడుకుని మూలిగేది. తిరుగుదారిలో వేడివేడి మిర్చీలు తినిపిస్తుంది గనుక నలుగురూ నోరు మెదపరు.

అసలు రోగమే లేదని కాదు. మొగుడు పోయిన రెండేళ్ల నుంచి ఇంట్లో ఆమెను 'ఎట్లున్నవ్' అని అడిగినవాడు లేడు. డాక్టర్ సాబ్ అడుగుతాడు. అడిగి, జవాబు వచ్చేదాకా ఆగుతాడు కూడా. ఆ ఒక్క మాట కోసం ఆమె ఎన్ని రోగాలైనా తెచ్చుకునేది. ఏం చేస్తుంది పాపం.

కంపౌండర్ పాండురంగానికి పోయిన వారమే అనుమానం వచ్చింది. "హన్మమ్మా, నీ కాళ్ల మీద నువ్వు నిలవడంగ ఒక్కసారి చూస్తే చాలు, మళ్ల గీ గడప తొక్కనియ్య" అన్నాడు. అన్నాడంటే చేసే మనిషే. అందుకే ఈ రోజు ముక్కు మీద ఈగ వాలినా ఆమె తోలుకోలేదు.

మంచం లోపలికి పోయే దారి పక్కనే, లైన్లో చివరన జంగప్ప కూర్చుని ఉన్నాడు. బషీరాబాద్ అవతలి కన్నడ ఊరి నుంచి బండల గనిలో పనికొచ్చినవాడు. అతనూ వారం వారం వచ్చేవాడే, దగ్గుతో. కానీ అతనికి మంచం లేదు, మోసే చుట్టాలు లేరు. దగ్గుకుంటూ నడిచొచ్చేసరికి అందరికంటే వెనక. అతని వంతు వచ్చేసరికి డాక్టర్ సాబ్ భోజనానికి లేస్తాడు. పాండురంగం సీసాలో ఎర్ర మందు పోసి పంపిస్తాడు. ఇట్లా ఎనిమిది వారాలు. తన చూపింపు అయ్యాక ఎండ తగ్గేదాకా ఆ చెట్టు కిందే మంచం వేయించుకునే హన్మమ్మ అంతా చూస్తూనే ఉంది. మంచం మీద పడుకున్న మనిషికి పక్కకు చూడడం తప్ప వేరే పనేముంది?

ఈ రోజు జంగప్ప దగ్గడం లేదు. నోరు తెరుచుకుని గాలి కోసం పెనుగులాడుతున్నాడు. పెదవులు నల్లబడ్డాయి.

"ఎట్లున్నవ్ జంగప్పా?" అంది హన్మమ్మ.

చెయ్యెత్తాడు గాని మాట రాలేదు.

గడపలో పాండురంగం చేతులు కట్టుకుని నిలబడ్డాడు. హన్మమ్మకు ఏడుపొచ్చింది, దాని వెనకాలే మస్తు కోపమూ వచ్చింది.

"దించుండ్రి" అంది.

"పెద్దమ్మా, కంపౌండర్ చూస్తుండు" అని గొణిగాడు నలుగురిలో పెద్దవాడు అనంతయ్య.

"చూడనియ్యి."

దిగింది. జంగప్ప చంకల కింద చేతులేసి లేపి, మంచం ఎక్కించింది. తలకింద తన చెద్దరు మడిచి పెట్టింది. వచ్చింది మంచం కాబట్టి పాండురంగం పక్కకు జరగక తప్పలేదు.

డాక్టర్ సాబ్ ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విన్నాడు. సూది వేశాక ఊపిరి కొంచెం ఆడింది.

"లోపలంత రాతి దుమ్ము పట్టింది. గిప్పుడొచ్చే రైలుకే వికారాబాద్ పెద్ద దవాఖానకు పోవాలె. ఇతని తోడు ఎవరున్నరు?"

జంగప్ప ఎవరూ లేరన్నట్టు తల ఊపాడు.

"నేనున్న" అంది హన్మమ్మ.

"నువ్వేమైతవ్?"

ఆమె ఆలోచించింది. కులం కాదు, ఊరు కాదు, చివరికి భాష కూడా కాదు. "ఎనిమిది వారాల సంది చూస్తున్న సాబ్. గీ తాండూరుల ఈయనను నా అంత చూసినోళ్లు లేరు."

డాక్టర్ చీటీ రాసిచ్చాడు. నలుగురూ మంచం ఎత్తారు. చీటీ చేత్తో పట్టుకుని, కొంగు నడుముకు చుట్టుకుని హన్మమ్మ ముందు నడిచింది. ఆమె నడకను అందుకోలేక వాళ్లకు ఆయాసం వచ్చింది.

"హన్మమ్మా, కాళ్లు పడిపోయినయంటివి?" అని గడపలోంచి అరిచాడు పాండురంగం.

"పడిపోయినయ్ సారు" అంది ఆమె, వెనక్కి తిరక్కుండానే. "ఇయ్యాల వాటిని చూస్కోనీకి జర పురసత్ లేదు."