జానెడు కొల్లేరు

పాలగిన్నె పొయ్యి మీద పెట్టి, పాలు పొంగేలోపు వాకిట్లోకి వెళ్ళి పికప్ బండి వెనకభాగంలో నీళ్ళెంత ఉన్నాయో చూసి రావడం కుసుమకి ఏడేళ్ళుగా అలవాటు. చెయ్యి ముంచి చూసి, "ఇవాళ జానెడు" అని అరుగు మీద కూచున్న మొగుడికి వినపడేలా చెప్పేది. ఫణికిరణ్ ఆ మాటని పక్కింటి సరోజకి అందించేవాడు. సరోజకి అందిందంటే ఇక ఊరంతటికీ అందినట్టే. బండిలో జానెడు నీళ్ళుంటే, కొల్లేట్లో లంకకి వెళ్ళే గట్టు మీద కూడా జానెడే ఉండేవి. బండిలో రెండు వేళ్ళుంటే అక్కడా రెండు వేళ్ళే. దాన్నిబట్టి ఎవరు పడవెక్కాలో, ఎవరు సైకిలెక్కాలో చూసుకుని జనం పనుల్లోకి పోయేవారు.

ఆ బండి కొన్న కొత్తల్లో మొదటి ట్రిప్పు వెనకభాగంలో కొల్లేటి నీళ్ళు నింపి బతికున్న చేపల్ని తోలారు. చేపలు దిగాయి గానీ నీళ్ళు దిగలేదు. వెనక డోరు తీసినా గోడ కట్టినట్టు అలాగే నిలబడిపోయాయి. వానాకాలంలో పెరిగేవి, ఎండాకాలంలో తగ్గేవి. ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి తీసుకెళ్తే ఇన్‌స్పెక్టరుగారు చుట్టూ తిరిగి చూసి, హారన్ ఉన్నది, వైపర్లు ఉన్నవి, నీళ్ళు ఉన్నవి అని రాసుకుని ముద్ర కొట్టి పంపించారు. చేత్తో తోడితే మాత్రం ఆ నీళ్ళు పోయేవి, పోయినవి తిరిగి వచ్చేవి కావు. ఒక వేసవిలో సరోజ తన గేదెకని బిందెడు తోడుకుంది. అప్పట్నుంచి బండి ఎప్పుడూ గట్టు కన్నా ఒక వెంట్రుకవాసి తక్కువ చూపిస్తూనే ఉంది. ఆ సిగ్గుకొద్దీ ఇంకెవరూ బిందె ముంచకుండా సరోజే కాపలా కాసేది.

మొగుడూ పెళ్ళాల పని చేపపిల్లని తోలడం. తాడేపల్లిగూడెం అవతల హేచరీలో నీలం డ్రమ్ముల నిండా వేలెడంత పిల్లని ఎక్కించుకుని కొల్లేటి చెరువులకి చేర్చాలి. ఫణికిరణ్ నడిపేవాడు. కుసుమ వెనక నిలబడి దారంతా డ్రమ్ముల్లో చెయ్యి పెట్టి నీళ్ళు కలియబెడుతూ ఉండేది. నీళ్ళు కదలకపోతే పిల్లకి గాలి ఆడదు. ఏడేళ్ళుగా కలిపీ కలిపీ ఆమె కుడి చెయ్యి ఎడమ చేతికన్నా లావైంది. గాజులు రెండు సైజులవి కొనేది.

కిందటేడు వాళ్ళ చేతుల మీదుగానే లంకలో కుసుమ తండ్రి అబ్బాయిరాజు చెరువుకి దెబ్బ తగిలింది. పిల్లని తీసుకెళ్తుంటే గట్టు మధ్యలో సైలెన్సర్‌లోకి నీళ్ళుపోయి బండి ఆగిపోయింది. మూడొంతుల పిల్ల చచ్చిపోయింది. అంతకు ముందేడు పొగమంచు పట్టిన ఒక తెల్లవారుజామున చెరువులో గాలి చాలక పెరిగిన చేపంతా తేలిపోయింది. అబ్బాయిరాజు ఎవర్నీ ఏమీ అనలేదు. ఏలూరులో ఒక అపార్ట్‌మెంటుకి వాచ్‌మన్ కావాలంటే వెళ్ళి మాట్లాడుకుని వచ్చాడు.

"ఈ ఒక్కసారి పోస్తానమ్మా," అన్నాడు కూతురితో. "ఇదీ పోతే చెరువు వదిలేస్తాను. అపార్ట్‌మెంటు సెక్రటరీగారిని ఆషాఢం వెళ్ళేదాకా టైమడిగాను." రెండు లుంగీలు, గెడ్డం సామాను, గొడుగు అప్పటికే ట్రంకుపెట్టెలో సర్దేశాడు. కుసుమ ఆ పెట్టెని చూసింది. పుట్టి బుద్ధెరిగాక తండ్రి కొల్లేరు వదిలి ఒక్క రాత్రి ఎక్కడా పడుకోగా ఆమె చూడలేదు. ఇంటికొచ్చేదాకా ఏడ్చింది.

అందుకే ఆ వేసవిలో బండిని ఎత్తు చేయించారు. కింద కొత్త స్ప్రింగులు, పెద్ద టైర్లు. బండి అరుగెత్తు లేచి పెళ్ళికొడుకులా తయారైంది. గట్టు మీద ఎన్ని నీళ్ళుంటాయో వేళ్ళతో సహా కొలుచుకున్నారు గానీ, అంత పెద్ద టైర్లని ఇంజిన్ తిప్పగలదా అని ఒక్కరూ అడగలేదు. నీళ్ళ సంగతి తప్ప మరోటి తట్టని ఊరది. ఆషాఢంలో మొదటి లోడు వేసుకుని గట్టు ఎక్కబోతే బండి మూలిగి, వణికి, వెనక్కి జారింది.

అబ్బాయిరాజు చెరువుకి గురువారం పిల్లని ఎక్కించాలి. అది తప్పితే మళ్ళీ నెలకి గానీ పిల్ల రాదు. అప్పటికి గట్టు మీద నడుంలోతు ఉంటుంది.

ఆదివారం తాడేపల్లిగూడెంలో చరణ్‌తేజ షాపుకి వెళ్ళారు. ఇంజినీరింగ్ చదువుకుని ఇంజిన్ ట్యూనింగ్ షాపు పెట్టుకున్న కుర్రాడు. బండికి వైరు తగిలించి లాప్‌టాప్‌లో గీతలు చూశాడు.

"సాయంత్రానికల్లా చేసిచ్చేస్తానండీ. పవర్ బాగా పెరుగుతుంది, హైవే మీద ఎనభైలో తోలుకోవచ్చు," అని వెనక్కి వెళ్ళి నీళ్ళల్లో వేలు ముంచి చూశాడు. "కానీ అక్కా, వీటితోనే టన్ను దగ్గరుంది. పైన మీ డ్రమ్ములు. ఇంత బరువుతో నీళ్ళల్లో మెల్లగా లాగాలంటే ట్యూనింగ్ ఒక్కటే చాలదండీ, ఇంజిన్ వేడెక్కిపోతుంది. ఈ నీళ్ళు తోడేస్తేనే నేను గ్యారంటీ ఇవ్వగలను."

తిరుగుదారిలో గుండుగొలను దగ్గర ఆగారు. హైవే పక్కన రేకుల షెడ్డులో ముప్ఫై ఏళ్ళుగా బండ్లు బాగుచేస్తున్న నాగభూషణరావు, బండి కింద దూరి, బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు.

"ఇంజిన్‌కేం రోగం లేదమ్మాయ్. మీరు చక్రాలు పెద్దవి చేశారు, వెనక హౌసింగ్‌లో గేరు పళ్ళు మాత్రం పాతవే ఉంచారు. క్రౌనూ పినియనూ, ఆ పళ్ళచక్రాలు రెండూ మార్చేస్తే అదే ఇంజిన్ ఎంత బరువైనా లాగుతుంది. బెజవాడ నుంచి సామాను రావాలి. గురువారం పొద్దున్నకి ఇస్తాను."

"స్పీడు?" అన్నాడు ఫణికిరణ్.

"స్పీడు ఉండదు బాబూ. నలభై ఐదు దాటితే ఇంజిన్ గోలపెడుతుంది. పైగా కొత్త పళ్ళు, మొదటి రోజు మరీ నెమ్మదిగా పోవాలి."

"నీళ్ళు తోడెయ్యాలాండీ, బాబాయిగారూ?" అడిగింది కుసుమ.

"నీళ్ళెందుకు తోడటం?" అని ఆయన వింతగా చూశాడు.

ఇంటికొచ్చాక ఫణికిరణ్ అటక మీంచి బిందె దించాడు. అతని మాటలోనూ న్యాయం లేకపోలేదు. "సాయంత్రానికి పనైపోతుంది. బండి తేలికవుతుంది. రెండు గంటల దారి గంటలో పోతాం. మావయ్యగారి చెరువుకన్నా ఈ జానెడు నీళ్ళు ఎక్కువా నీకు?"

నిజమే, తండ్రి కన్నా నీళ్ళెక్కువా? కుసుమ బండెక్కి నీళ్ళల్లో కాళ్ళుపెట్టుకుని చాలాసేపు కూచుంది. గోడ పక్కన సరోజ పని చేసుకుంటున్నట్టు నటిస్తూ నిలబడింది.

"ఏవండీ," అంది చివరికి. "వెనక నిలబడేదాన్ని నేను. స్పీడుగా పోతే పిల్ల డ్రమ్ముకి కొట్టుకుని చస్తుందని నాకు తెలుసు. గట్టు మీద కావలసింది పరుగు కాదు, ఆగకుండా నడవడం. ఈ నీళ్ళేమో మనల్ని ఏడేళ్ళు పోషించాయి. బరువైతే మొయ్యగలిగే పళ్ళు వేయిద్దాం గానీ, తోడి పారబోయడం నావల్ల కాదు."

"నీ ఇష్టం," అన్నాడు ఫణికిరణ్. అది ఇష్టంగా అన్న మాట కాదు. బిందె తిరిగి అటకెక్కించేటప్పుడు కావాలనే చప్పుడు చేశాడు.

గురువారం తెల్లవారి పళ్ళు మారిన బండి తీసుకుని హేచరీకి వెళ్ళారు. బుధవారం నుంచీ పస్తుంచిన పిల్లని ఎనిమిది డ్రమ్ముల్లో ఎక్కించారు. అలా పస్తుంచితేనే దారిలో నీళ్ళు పాడవవు. బండి కదిలినప్పుడు కుసుమకి తేడా కాళ్ళల్లో తెలిసింది. వణుకులేదు, మూలుగు లేదు. నలభైలో గంభీరంగా పోతోంది. స్కూటర్లు కూడా దాటుకుని పోతున్నాయి. దాటిన ప్రతి స్కూటరుకీ ఫణికిరణ్ అద్దంలోంచి పెళ్ళాం వైపు చూశాడు.

భీమడోలు ఇంకా నాలుగు కిలోమీటర్లుందనగా ఎదురుగా బండ్లన్నీ ఆగిపోయి కనిపించాయి. ఊకబస్తాల లారీ ఒకటి రోడ్డుకి అడ్డంగా పడింది. పావుగంట క్రితమేనట.

"ట్యూనింగ్ చేయించుంటే ఈపాటికి దాటేసేవాళ్ళం," అన్నాడు ఫణికిరణ్. ఆ మాట నిజం.

గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. ముందుకి కదల్లేక, వెనక్కి తిరగలేక ఎండలో నిలబడ్డారు. ఆకు కదలటం లేదు. కుసుమ రెండు చేతులతో కలుపుతోంది. ఫణికిరణ్ కూడా చొక్కా విప్పి పైకెక్కాడు. ఇద్దరి చేతులు ఎనిమిది డ్రమ్ములకి చాలలేదు. పిల్ల పైకొచ్చి నోళ్ళు తెరవడం మొదలుపెట్టింది. ఒక డ్రమ్ములో నాలుగు పిల్లలు వెల్లకిలా తిరిగాయి. కుసుమకి తండ్రి ట్రంకుపెట్టె కళ్ళ ముందు మెదిలింది. తప్పు చేశానేమోనని మొదటిసారి భయపడింది.

అప్పుడు ఆమె కాళ్ళకి చల్లగా తగిలింది. కిందికి చూసింది. రోడ్డు మీద ఎక్కడా గాలి లేదు. బండిలో నీళ్ళ మీద మాత్రం, మధ్యాహ్నం వేళ కొల్లేటి మీద లేచినట్టే, సన్నటి అల లేస్తోంది. ఆ మూల నుంచి ఈ మూలకి వచ్చి, డ్రమ్ములకి తగిలి, మళ్ళీ వెళ్తోంది.

"ఏవండీ, మగ్గు ఇవ్వండి."

కొత్త నీళ్ళల్లో ఒక్కసారిగా వదిలితే పిల్ల తట్టుకోదు. అందుకని బండిలో నీళ్ళు మగ్గుతో ముంచి డ్రమ్ములో పోసింది. కాసేపాగి ఇంకో మగ్గు. డ్రమ్ములోది బండిలోకి, బండిలోది డ్రమ్ములోకి, ఎనిమిది డ్రమ్ములకీ అరగంటసేపు ఇద్దరూ అదేపని చేశారు. తర్వాత ఒక్కో డ్రమ్మునీ మెల్లగా వంచేశారు. ఎనిమిది డ్రమ్ముల నీళ్ళు కలిసినా జానెడు జానెడుగానే ఉంది. పిల్ల ఒక్క క్షణం తడబడి, గుంపుకట్టి, అలకి ఎదురీదుతూ తిరగడం మొదలుపెట్టింది. వెనక కారులో పెద్దమనిషి అద్దం దించి, "రొయ్యా, చేపాండీ?" అని అడిగి, చేప అని తెలుసుకుని అద్దం ఎత్తేసుకున్నాడు.

ఫణికిరణ్ వంగి ఆ నీళ్ళల్లో చెయ్యి ముంచాడు. "వీటిని తోడేద్దామని బిందె దించాను చూడు," అన్నాడు మెల్లగా. చొక్కా తొడుక్కున్నాడు.

లారీ తీసేసరికి మూడైంది. లంక గట్టు చేరేసరికి నాలుగున్నర. గట్టు మీద జానెడు. ఫస్టు గేరులో వేసి, మళ్ళీ క్లచ్చు ముట్టుకోకుండా, మనిషి నడిచినంత నెమ్మదిగా బండిని దింపాడు ఫణికిరణ్. బురదలో చక్రం కూరుకుపోయిన చోటల్లా కొత్త పళ్ళు పట్టు వదలకుండా లాగాయి. బండి ఎక్కడా ఆగలేదు. అవతలి ఒడ్డున అబ్బాయిరాజు తలపాగా చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. పిల్ల బతికుందా అని అడగడానికి ధైర్యం చాలక కూతురి మొహంలోకి చూశాడు.

"వెనక డోరు తియ్యి నాన్నా," అంది కుసుమ.

ఏడేళ్ళుగా డోరు తీసినా కదలని నీళ్ళు, ఆ సాయంత్రం కాస్త ముందుకి వంగి, గట్టు దిగి, పిల్లని వెంటబెట్టుకుని మెల్లగా చెరువులోకి నడిచాయి. జానెడు నీళ్ళు దిగడానికి ఎంతసేపు పట్టాలి? చీకటిపడబోయేదాకా దిగుతూనే ఉన్నాయి. చెరువు మాత్రం ఒక వేలెత్తు కూడా పెరగలేదు. అబ్బాయిరాజు దోసిట్లోకి కాసిన్ని తీసుకుని మొహం కడుక్కున్నాడు. కళ్ళు కూడా తుడుచుకున్నాడు.

తర్వాత ఫోను తీశాడు. "సెక్రటరీగారాండీ? నేను అబ్బాయిరాజునండీ, కొల్లేటి నుంచి. వాచ్‌మన్‌గా రాలేనండీ. ఇక్కడ చెరువులో పిల్లపోశామండీ. దాన్ని చూసుకోవాలి. ఏమీ అనుకోకండీ."

మర్నాడు పాలు పొయ్యి మీద పెట్టి కుసుమ అలవాటుకొద్దీ వాకిట్లోకి వెళ్ళింది. బండి వెనకభాగం పొడిగా ఉంది. దిగులేసింది. గోడ మీంచి సరోజ, ఆ వెనక మరో నలుగురు, ఏం చెప్తుందా అని చూస్తున్నారు. అప్పుడు కనిపించింది, మూలన ఒక చారెడు. అందులో ఒక చేపపిల్ల.

"ఇవాళ చారెడు," అంది కుసుమ.

"ఇవాళ చారెడంట!" అన్నాడు ఫణికిరణ్, ఎప్పటికన్నా గట్టిగా.

ఆ వారం బండి చూడ్డానికి వచ్చిన నాగభూషణరావు నవ్వాడు. "బరువు పోయిందిగా. పాత పళ్ళు వేసెయ్యమంటావా, స్పీడు వస్తుంది?"

"ఉండనివ్వండి బాబాయిగారూ," అంది కుసుమ. "పెరుగుతాయి."

పుష్యమాసంలో పొగమంచు పట్టింది. ఒక తెల్లవారుజామున చుట్టుపక్కల చెరువులన్నిట్లో చేప గాలికోసం పైకొచ్చి నోళ్ళు తెరిచింది. జనం ఇంజిన్లు పెట్టి నీళ్ళు చిమ్మించారు. గాలే లేని ఆ పొద్దున అబ్బాయిరాజు చెరువులో మాత్రం ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి సన్నటి అల తిరుగుతూనే ఉంది. ఆయన గట్టుమీద కూచుని బీడీ కాల్చుకున్నాడు. ఒక్క చేప పైకి రాలేదు.

ఎండ వచ్చాక ట్రంకుపెట్టె ఖాళీ చేసి, లుంగీలు దండెం మీద వేసి, పెట్టె నిండా చేపల మేత పోశాడు. మూత సరిగ్గా పడటంలేదు, ఈసారి వచ్చేటప్పుడు కొత్త గొళ్ళెం ఒకటి, కాస్త గట్టిది చూసి తెమ్మని కూతురికి ఫోను చేశాడు.