రెండో అంతస్తులో హీటరు

మా ఆయన అమర్ ముప్ఫై నాలుగేళ్లు మిల్లులో కరెంటు ఆగకుండా కాపలా కాశాడు. అలాంటి మనిషి సొంత ఇంటికి ఒక మీటరు తెచ్చుకోలేకపోయాడు. ఈ మాట వెక్కిరించడానికి అనడం లేదు. అలిసిపోయి అంటున్నాను.

అక్టోబరులో ఆయన రిటైరయ్యాడు. బర్మామైన్స్‌లో మేమున్న కంపెనీ క్వార్టరు ఏప్రిల్ నెలాఖరుకల్లా అప్పగించాలి. వచ్చిన పీఎఫ్ డబ్బంతా పోసి బాగ్‌బేరాలో కొత్తగా లేచిన నాలుగంతస్తుల బిల్డింగులో, రెండో అంతస్తు ఫ్లాటు కొన్నాం. కొనిపించినవాడు సూరజ్ అనే బ్రోకరు. "స్టేషను పెద్దదవుతుంది, రోడ్డు వెడల్పవుతుంది, రెండేళ్లలో రేటు డబుల్, అంకుల్‌జీ" అని వాడు హిందీలో చెబుతుంటే మా ఆయన తల ఊపాడు. నేను రేటు గురించి అడగలేదు. నీళ్ల గురించీ, కరెంటు గురించీ అడగలేదు. అడగాలని మా ఇద్దరిలో ఎవరికీ తోచనే లేదు.

ఎందుకు తోచలేదో చెబితే బయటివాళ్లు నవ్వుతారు. నేను పుట్టింది రైల్వే క్వార్టర్లో. కాపురానికి వచ్చింది కంపెనీ క్వార్టరుకి. కుళాయి తిప్పితే నీళ్లు, స్విచ్చి వేస్తే వెలుగు. అవి ఎక్కణ్ణుంచి వస్తున్నాయో, ఎవరు పంపుతున్నారో ఏనాడూ ఆలోచించలేదు. కరెంటు పేరున జీతంలో ఏదో కొంచెం కోసుకునేవారు. యాభై మూడేళ్లు వచ్చినా కరెంటు బిల్లనే కాగితాన్ని నేను చేత్తో పట్టుకోలేదు. మా క్వార్టర్ల వరసలో చాలామందిది హీటరు వంటే. మందపాటి మట్టి పలక, దాని గాడుల్లో చుట్లు చుట్లుగా కాయిల్ తీగ, అంతే మా పొయ్యి. తీగ తెగితే మా ఆయన పది నిమిషాల్లో కొత్తది బిగించేవాడు. పెళ్లయిన దగ్గర్నుంచీ అన్నం, పప్పు, మా అమ్మాయి స్మితకి పాలు, అన్నీ దాని మీదే. గేస్ కనెక్షన్ మాట వచ్చినప్పుడల్లా "మనకేటవసరం" అనుకుని ఊరుకునేవాళ్లం.

కొత్త ఇంటి సంగతి వేరు. బిల్డరు కట్టేటప్పుడు తీసుకున్న తాత్కాలిక లైను ఒక్కటే బిల్డింగంతటికీ దిక్కు. ఎనిమిది ఇళ్లూ, నీళ్ల మోటారూ దాని మీదే బతకాలి. ఎవరి మీటరు వాళ్లకి రావాలంటే బిల్డరు ఒక కాగితం ఇవ్వాలి. వాడు "అగ్లే హఫ్తే" అంటాడు. వచ్చేవారమని అర్థం, కానీ ఆ వారం ఏ క్యాలెండర్లోనూ లేదు. మీటరు లేనిదే బిల్లు లేదు, బిల్లు చూపించనిదే ఆ చిరునామాకి గేస్ ఇవ్వం అన్నారు. బోరు నీళ్లు ఎండాకాలం సరిగా ఎక్కవు కాబట్టి ట్యాంకరు పిలుచుకోవాలి.

ఈ మూడింటి చుట్టూ మా ఆయన నెల రోజులు తిరిగాడు. మిల్లులో పెద్ద పెద్ద ఇంజనీర్లు కూడా ఆయన్ని "అమర్‌దా" అని అన్నగారి వరసలో పిలిచేవారు. ఇక్కడ కౌంటరు వెనక కూర్చున్నాయన తలెత్తకుండా "ఆన్‌లైన్ కీజియే" అని, ఆన్‌లైన్‌లో చేసుకోమన్నాడట. ఆ రోజు ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా మంచం మీద కూలబడ్డాడు. మంచినీళ్లిచ్చాను. ఒక్క గుక్క తాగి గ్లాసు అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

మార్చి చివర్లో ఫ్లాటు కడగడానికి వెళ్లినప్పుడు టీ పెడదామని హీటరు ప్లగ్గు పెట్టాను. అలవాటు మరి. రెండు నిమిషాలు గడిచాయో లేదో మెట్ల కింద బోర్డు దగ్గర టప్పుమంది. అన్ని ఇళ్లలో ఫ్యాన్లు ఆగిపోయాయి. ట్యాంకుకి నీళ్లెక్కిస్తున్న మోటారూ ఆగింది. కింది ఇంట్లో ఉండే అర్పిత చేతిలో చీపురుతోనే పైకొచ్చి, నేలమీద హీటరు చూసి పకపకా నవ్వింది.

"దీదీ, యే క్వార్టర్ నహీ హై" అంది, ఇది క్వార్టరు కాదక్కా అని.

మా ఆయన ప్లగ్గు పీకి, కిందికెళ్లి స్విచ్చి ఎత్తి, ఆయాసపడుతూ వచ్చాడు.

"సెప్పినానా నేదా? ఆ లైను ఈ హీటరు మొయ్యదే. మరోపాలి ఎట్టినావంటే అందరికీ సీకటే."

"మరి వంట దేని మీద సెయ్యను? నీ నెత్తి మీదా?"

"నాను సూత్తానులే."

ఆయన చూస్తానన్నవి మా ఇంట్లో చాలా ఉన్నాయి.

అయినా నాకు ఆ ఇల్లు నచ్చింది. ఎందుకో చెబుతాను. క్వార్టరు అప్పగించే రోజు ఒక మనిషి వచ్చి గోడలు చూసుకుంటాడు. మేకులన్నీ పీకి, కన్నాలు సున్నంతో పూడ్చి ఉంచాలి. మా నాన్న రైల్వే క్వార్టరు వదిలినప్పుడు కన్నాలు పూడ్చింది నేనే. పెళ్లయ్యాక మూడు క్వార్టర్లు మారాం, మూడుసార్లూ నేనే పూడ్చాను. ఇప్పుడు ఈ నాలుగోది కూడా పూడ్చడం అయింది. ఇంక నా చేత్తో మేకు పీకకూడదు. కొట్టిన మేకు కొట్టినట్టే ఉండాలి, నేను పోయాక ఎవరేం చేసుకున్నా సరే. నాకున్న కోరిక అదొక్కటే. రేటు రెట్టింపైతే నాకేం, సగమైతే నాకేం? ఉండే ఇంటికి రేటేమిటి?

మా ఆయనకి మాత్రం రోజురోజుకీ ఇల్లు పోయి రేటు మిగిలింది. ఏప్రిల్ మొదలయ్యాక సూరజ్ ఫోన్లు ఎక్కువయ్యాయి. ఫోను మోగితే చాలు, ఈయన వరండాలోకి వెళ్లిపోయేవాడు. ఒకసారి బట్టలు ఆరేస్తూ విన్నాను. ఆ వరసలోనే ఇంకో మూడు బిల్డింగులు లేస్తున్నాయట, వచ్చే ఏడాదికి రేటు పడిపోతుందట. కొనిపించిన రోజున పెరుగుతుందన్న నోరే ఇప్పుడు పడిపోతుందంటోంది. ఎటు తిరిగినా వాడి కమిషనుకి మాత్రం లోటు లేదు. ఏదో ఊసుపోని కబుర్లే అనుకుని తడిబట్టలు దులుపుకుంటూ లోపలికి వచ్చేశాను.

పంతులుగారు ఇరవై నాలుగో తేదీ ఉదయం తొమ్మిదీ పదికి ముహూర్తం పెట్టారు. అది దాటితే మూఢం, ఇంక జూన్ దాకా మంచిరోజు లేదన్నారు. పాలు పొంగించడానికి పొయ్యి కావాలి కదా. అర్పిత తన గేస్ స్టవ్వూ, సిలిండరూ రెండు రోజులు ఉంచుకోమని ఇచ్చింది. "అప్పటిదాకా నేను మా చెల్లి ఇంట్లో తింటాను, దీదీ" అంది. మా ఆయనా, రాంచీ నుంచి వచ్చిన స్మితా ఆ సిలిండరు చెరో వైపు పట్టుకుని రెండంతస్తులు ఎక్కించారు. నేను క్వార్టరు నుంచి గోనెసంచిలో తెచ్చిన హీటరు మాత్రం వంటింటి మూల పెట్టాను. పారెయ్యడానికి చేతులు రాలేదు.

తొమ్మిదీ పదికి పాలు పొంగాయి. తూర్పు వైపే పొంగాయి. నురగ గిన్నె అంచు దాటి అర్పిత స్టవ్వు మీద పడి చుయ్యిమంటుంటే నాకు కళ్లల్లో నీళ్లొచ్చాయి. మా ఆయన చేతులు జోడించి "పొంగినాయి" అన్నాడు, ఎవరితోనో కాదు, తనలో తనే. పంతులుగారు ప్రసాదం తిని వెళ్లారు. నేను కొంగున ముడేసుకున్న మేకు తీసి, దేవుడి పటం ఎక్కడ పెడదామా అని గోడలు చూస్తున్నాను.

అప్పుడు తలుపు దగ్గర సూరజ్ గొంతు వినిపించింది. వాడి వెనక ఒక మొగుడూ పెళ్లాం. ఆవిడ వచ్చీ రావడంతోనే బాత్‌రూమ్ కుళాయి తిప్పి చూసింది. ఆయన బాల్కనీలోంచి తొంగి రోడ్డు వెడల్పు చూశాడు.

"మమ్మీ, యే లోగ్ కౌన్ హై?" అంది స్మిత, వీళ్లెవరని.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన గోడ వైపు చూశాడు. చెయ్యి పట్టుకుని పడగ్గదిలోకి లాక్కెళ్లాను.

"ఏటిది?"

"ఊరికే సూడ్డానికి వచ్చినారు."

"పాలు పొంగి గంట కానేదు. ఇల్లు అమ్మీత్తన్నావా?"

"మెల్లగా మాటాడే." ఆయన గొంతు పీలగా ఉంది. "నా వల్ల కావట్నేదు, శ్రీదేవీ. మీటరు నేదు, నీలు నేవు. రోజుకో ఆపీసు, రోజుకో మాట. అమ్మీసి జుగ్సలాయిలో అద్దెకుందాం. అన్నీ ఇంటోడే సూసుకుంటాడు."

"అమ్మీసీదానికి ముహూర్తం ఎందుకు ఎట్టించినావు?"

"పూజ అయిన ఇల్లంటే గిరాకీ ఉంటాదన్నాడు సూరజ్" అన్నాడు.

అంటే నా పాలు ఎవరో కొనేవాళ్ల కోసం పొంగాయన్నమాట. నాకు ఏడుపు రాలేదు. అరవాలనీ అనిపించలేదు. అరిస్తే మూడు రోజులు మాటలు మానేస్తాడు, తర్వాత నేనే సరేనంటాను. ముప్ఫై ఏళ్లుగా మా ఇంట్లో జరిగేది అదే.

హాల్లో ఆవిడ కరెంటు సంగతి అడుగుతోంది, "లైట్ కా క్యా హాల్ హై?" అని.

"చౌబీస్ ఘంటే, మేడమ్. లైన్ ఏక్‌దమ్ మజ్‌బూత్" అన్నాడు సూరజ్. ఇరవై నాలుగు గంటలూ కరెంటట, లైను గట్టిదట! వాడే వెళ్లి ఫ్యాను స్విచ్చి వేసి చూపించాడు.

నేను వంటింట్లోకి వెళ్లాను. గోనెసంచి విప్పాను. హీటరు నేలమీద పెట్టి, ప్లగ్గు గోడకి గుచ్చి, స్విచ్చి నొక్కాను. తీగ మెల్లగా ఎర్రబడింది. నిలబడి చూస్తున్నాను. ఒక నిమిషమైంది. రెండయ్యాయి. హాల్లో ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఇన్నాళ్లూ మొయ్యనిదానివి, ఇవాళే మోస్తావటే అని ఆ లైనుని తిట్టుకున్నాను.

టప్పుమంది.

ఫ్యాను ఆగింది. మోటారు ఆగింది. కింది నుంచి అర్పిత గొంతు, "ఎవరింట్లో ఏం పెట్టారు? ట్యాంకు సగం కూడా నిండలేదు!" అని. స్మిత మెట్ల దగ్గరికెళ్లి నా వైపు చూసింది. "తెలీదని సెప్పు" అన్నాను. పొయ్యి ఇచ్చిన మనిషికే నీళ్లు ఆపి, పైగా అబద్ధం కూడా ఆడాను. దానికి ఈ రోజుకీ సిగ్గుపడుతున్నాను. మిగతాదానికి పడటం లేదు.

"పాంచ్ మినట్ మే ఆ జాయేగా" అని సూరజ్ ఐదు నిమిషాల లెక్క చెబుతున్నాడు. మా ఆయన కిందికి పరుగెత్తాడు. స్విచ్చి ఎత్తిన చప్పుడు, ఆ వెంటనే పడిన చప్పుడు. మళ్లీ ఎత్తాడు, మళ్లీ పడింది. మూడోసారి ఎత్తనేలేదు. ఆవిడ పర్సుతో విసురుకుంటూ మొగుడితో "చలియే" అంది, ఇంక పదండని. ముగ్గురూ మెట్లు దిగుతుంటే మా ఆయన ఎక్కుతున్నాడు. మధ్యలో సూరజ్ ఏదో అన్నాడు.

మా ఆయన ఎవరి మాటా వినకుండా తిన్నగా వంటింట్లోకి వచ్చాడు. ముప్ఫై నాలుగేళ్లు కరెంటు మనిషి మరి, ఎందుకు పడుతోందో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. హీటరు చూశాడు. గోడకున్న ప్లగ్గు చూశాడు. నన్ను చూశాడు. నేను తల దించుకోలేదు. చేతిలో మేకు అలాగే ఉంది. ఆయన వంగి, ప్లగ్గు పీకి, తీగ చల్లారేదాకా కదలకుండా నిలబడ్డాడు. తర్వాత మళ్లీ కిందికెళ్లాడు. కరెంటు వచ్చింది. మోటారు మొదలైంది.

పైకి వస్తుండగా ఫోను మోగింది. ఈసారి పక్కకి వెళ్లలేదు. నా ఎదుటే ఎత్తి, "అభీ నహీ బేచేంగే, సూరజ్" అన్నాడు. ఇప్పట్లో అమ్మం, ఇంక ఫోను చెయ్యకు అని చెప్పి పెట్టేశాడు. నేలమీద గోడకి చేరగిలబడి కూర్చున్నాడు. అరవై ఏళ్ల ముఖంలో ఒక్కసారి డెబ్బై ఏళ్లు కనిపించాయి. నేనూ ఎదుటి గోడకి చేరగిలబడ్డాను.

"కోయీ ముఝే బతాయేగా, హువా క్యా హై?" అంది స్మిత, ఏం జరిగిందో ఎవరైనా చెబుతారా అని.

ఆయన నా వైపు తిరిగాడు. "రేపు ఆ బిల్డరు కాడికి నువ్వూ రాయే. నాను అడగనేకపోతన్నాను. నీకు నోరుంది."

"వత్తాను" అన్నాను.

"ఆ మేకు ఇలా తే. నాను కొడతాను. ముందు టీ ఎట్టు."

మోకాళ్ల మీద చేతులు ఆనించుకుని లేచాను. వంటింటి గుమ్మం దాకా వెళ్లాక వెనక నుంచి మళ్లీ పిలిచాడు.

"గేస్ మీద ఎట్టు."