రెండు గీతల పగ

నేను ఒక వాలు చూసే డయల్‌ని. గుండ్రటి ఇత్తడి ఒళ్ళు, మీద అద్దం, లోపల తన బరువుకి తానే వేలాడే ముల్లు. నన్ను ఎక్కడ కూర్చోబెడితే ఆ చోటు ఎంత వాలిందో గీతల్లో చెప్పడం నా పని. ముఖస్తుతి నాకు చేతకాదు. క్షమించడం కూడా చేతకాదు.

పుట్టింది కోయంబత్తూరులో ఒక లేతు షాపులో. బతికింది చాలావరకు కాకినాడలో, పడవలు కట్టే ఒక ముసలాయన దగ్గర. "నువ్వు చెప్పాక దేవుడు చెప్పినా వినను" అని నన్ను తువ్వాలుతో తుడిచేవాడు. ఆయన పోయాక కొడుకులు నన్ను గడియారం అనుకున్నారు. కీ ఇచ్చే చోటు ఎంత వెతికినా కనపడక పాత సామాన్ల వాడికి ఇచ్చేశారు. అక్కడ నన్ను కొన్నాడు భీమవరం భద్రరాజు. ఊరంతా అతన్ని గారు అంటుంది. నేను అనను.

రొయ్యల చెరువుల మీద గడించాక అతనికి విమానం మీద మనసు పోయింది. పెట్టెల్లో ముక్కలుగా వచ్చే రెండు సీట్ల విమానం తెప్పించి, చెరువు గట్టు పక్కన షెడ్డు వేయించి, తనే బిగించుకోవడం మొదలుపెట్టాడు. షెడ్డు వాస్తు మాత్రం అతని అక్క మొగుడు గోపాలరాజుది. "ఈశాన్యం పల్లంగా ఉండాలి భద్రా. నీళ్ళు అటు పోవాలి, లక్ష్మి అటునించి రావాలి" అంటూ దగ్గరుండి నేల పోయించాడు. గుమ్మం అటే, విమానం ముక్కూ అటే.

ఆ విమానం తోక చివర పైకీ కిందికీ ఆడే పలక ఒకటి ఉంటుంది. లోపల కూర్చున్న మనిషి కర్ర వెనక్కి లాగితే పలక పైకి లేస్తుంది, దానితో విమానం ముక్కు లేస్తుంది. ముందుకు తోస్తే రెండూ దిగుతాయి. పలక పైకి ఇరవై అయిదు గీతలు, కిందికి ఇరవై కదలాలని ముక్కలు పంపిన కంపెనీ పుస్తకంలో ఉంది. భద్రరాజు నన్ను పలక మీద పెట్టి కొలిచాడు. పైకి ఇరవై ఏడు అన్నాను. కిందికి పద్దెనిమిది అన్నాను. ఉన్న మాట అన్నాను.

కడ్డీలు విప్పి బిగించాడు. బందులకు నూనె పోశాడు. కర్ర ఎక్కడైనా సీటుకి తగులుతోందేమోనని సీటే పీకేశాడు. నేను మాత్రం అదే మాట మీద ఉన్నాను. కాళ్ళ కింద చెక్కలు పెట్టి మట్టం చేసుకున్న పని బల్ల ఒకటి ఉంది, దాని మీద పెడితే సున్నా చూపించాను. ఇక ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు నా మీద పడ్డాడు.

"అబద్ధాలకోరు ముల్లండి ఇది, బావగారూ. బల్ల మీద ఒక మాట, తోక మీద ఒక మాట."

"పాత ఇత్తడి కదా. నాలుగు తగిలిస్తే దారికొస్తది" అన్నాడు గోపాలరాజు.

తగిలించాడు. బల్ల అంచుకేసి కొడితే నా అద్దం అడ్డంగా బీటవారింది. ముల్లు వణికి వణికి మళ్ళీ తన చోటికే వచ్చింది.

ఆ దెబ్బ మరిచిపోయేదాన్నేమో. తరవాత చేసింది మరవలేను. పలక హద్దు దాటకుండా ఆపే అడ్డు ముక్కలు రెండుంటాయి. కిందిదాన్ని ఆకురాయితో రాచాడు, పైదానికి రేకు ముక్క అతికించాడు. మళ్ళీ నన్ను పెట్టాడు. ఇరవై అయిదు, ఇరవై అని నేను చెప్పక తప్పలేదు. "చూశారా, దారికొచ్చింది" అని నవ్వాడు. పుట్టి ఇన్నేళ్ళలో అబద్ధానికి నా చేత సాక్ష్యం చెప్పించినవాడు వాడొక్కడే. చెప్పించుకుని, పని అయిపోయిందని నన్ను తుక్కు డబ్బాలో పడేశాడు.

జరిగిందేమిటో నాకు తెలుసు. షెడ్డు నేల ఈశాన్యానికి రెండు గీతలు వాలి ఉంది. దాని మీద విమానం మొత్తం ముక్కు కిందికి వేసి నిలబడింది. నా లెక్కలో తోకతో పాటు నేల వాలు కూడా కలిసింది. ఇప్పుడు పలక నిజానికి ఇరవై మూడే లేస్తుంది. దిగేటప్పుడు ఎత్తాల్సిన ముక్కు చాలినంత లేవదు, ముందు చక్రం నేలకి కొట్టుకుంటుంది. కొట్టుకోనీ అనుకున్నాను. విరిగిన మేకుల మధ్య పడుకుని, ఆ చక్రం విరిగే చప్పుడు తలుచుకుంటూ రోజులు గడిపాను.

విమానం పూజ రోజున తెలిసింది, మొదట ఎగిరేది భద్రరాజు కాదని. హైదరాబాదులో విమానం నడపడం నేర్చుకుని వచ్చిన అతని కూతురు మైథిలి. ఆ పిల్ల నన్ను ఎప్పుడూ ఒక్క మాట అనలేదు. నా పగ మీద నాకే మొదటిసారి కోపం వచ్చింది. ఏం లాభం, అరవడానికి నోరు లేదు.

గోపాలరాజు చక్రాల ముందు నిమ్మకాయలు పెట్టాడు. ఒకటి కదిలి గుమ్మం వైపు దొర్లింది. తెచ్చి పెట్టాడు, మళ్ళీ దొర్లింది.

"శుభం. ఈశాన్యానికే పోతంది" అన్నాడు.

మైథిలి నిమ్మకాయ వంకే చూస్తోంది. "నాన్నగారూ, తోక కొలిచింది దేంతో?"

"ఆ పాత డయల్‌తోనేనమ్మా. అదిగో, తుక్కులో ఉంది."

నన్ను తీసి చున్నీతో తుడిచి నేల మీద పెట్టింది. రెండు అన్నాను. విమానం నడుము మీద పొడుగు వైపుగా పెట్టింది. రెండు అన్నాను. ముందు చక్రం కింద చెక్కలు దోపించి, నడుము మీద నేను సున్నా చూపించేదాకా ఎత్తించింది. అప్పుడు తోక కొలిచింది. పైకి ఇరవై మూడు, కిందికి ఇరవై రెండు.

"దిగేటప్పుడు ముక్కు లేచేది కాదు నాన్నగారూ" అంది. గొంతు పెంచలేదు.

భద్రరాజు ఆ పూజ సామాన్ల పక్కనే నేల మీద చతికిలబడ్డాడు. నాకు ఒళ్ళంతా హాయిగా చల్లబడింది. దాచుకోను, అంత సుఖం నేనెప్పుడూ ఎరగను.

కొత్త అడ్డు ముక్కలు వచ్చాయి, బిగించారు. మైథిలి ఎగిరింది, మెత్తగా దిగింది. నేల పగలగొట్టించి మట్టంగా పోయిస్తానని భద్రరాజు పట్టుబట్టాడు. "ఈశాన్యం మీద పలుగు పడితే నీ గుమ్మం తొక్కను" అన్నాడు గోపాలరాజు. అక్క మొగుడి మాట దాటే ధైర్యం అతనికి లేదు. నా అద్దమైనా మార్పిస్తానన్నాడు. మైథిలి వద్దంది. ఇక ఎవరు ఏది కొలిచినా ముందు నేల వాలు చూసుకోవాలని, నన్ను ముందు చక్రం పక్కన నేలకి మరలతో బిగించేసింది.

రోజూ పొద్దున్నే షెడ్డు తాళం తీయగానే భద్రరాజు నా దగ్గరికే వస్తాడు. బీటవారిన అద్దం మీదికి వంగి చూస్తాడు. కూతురి ప్రాణం తీయబోయిన ఆ రెండు గీతలు అక్కడే ఉంటాయి. ఒక్కరోజైనా సున్నా చూపిస్తానని ఆశ కాబోలు. నేను చూపించను.