పడవ ముందరి బండ

పడవ కోసం కొన్న కొత్త మోటారును ఇద్దరు చెరో పక్క పట్టుకొని ఒగరుస్తూ మోసుకొచ్చారు. పాతదాన్ని శాంతయ్య ఒక్కడే భుజాన వేసుకొని వచ్చేవాడు. ఆ తేడాను కృపమణి గట్టు మీద నుంచే గమనించింది. మొగుడి ముఖంలోని సంబరమూ చూసింది.

కొత్తదంటే నిజానికి కొత్తది కాదు. కర్నూలు వైపు కృష్ణ నీళ్లలో కొన్నేళ్లు తిరిగిన మోటారు. మెకానిక్ ఓబుళేశు పడవ వెనక నాని కుళ్లిన చెక్కను పీకేసి, టేకు పలక వేసి, బోల్టులు బిగించి మోటారును తగిలించాడు. చెయ్యి వదిలాడో లేదో, ఆ పాత అల్యూమినియం పడవ తోక నీళ్లలోకి కుంగి ముక్కు పైకి లేచింది.

"సాంతన్నా, నీ పడవ గూడా మీ మాదిరే పైకి సూసి ప్రార్థన చేస్తాందే!" అన్నాడు ఓబుళేశు.

"నగింది సాలు గానీ, ఉపాయం చెప్పురా."

"ముందర రెండు ఇసక మూటలెయ్యి, సదురుకుంటాది. కానీ అన్నా, రేకు పాతది. దీనికి ఈ మోటారు శానా ఎక్కువ. గాలి లేనప్పుడు మెల్లగా పో."

"మెల్లగా పోయేదానికైతే పాతదే ఉండె గదప్పా."

శాంతయ్య ఆత్రం కృపమణికి తెలుసు. డ్యాము నీళ్ల కింద వాళ్ల పాత ఊరుంది. ఆ ఊరి సమాధుల దొడ్డిలో ఆరాధన ఉంది, నాలుగేళ్లయినా నిండకుండా జ్వరంతో పోయిన వాళ్ల ఒక్కగానొక్క బిడ్డ. నవంబరులో సమాధుల పండుగ వస్తే ఊళ్లో సమాధులకు సున్నం కొట్టి, చామంతులు పరిచి, కొవ్వొత్తులు వెలిగించేవాళ్లు. ఊరు మునిగాక పునరావాస కాలనీ చర్చిలో ప్రార్థనతోనే పండుగ అయిపోతోంది. నిరుడు ఇద్దరూ పూలు తీసుకొని పడవలో బయలుదేరారు. ఎదురుగాలికి పాత మోటారు చాలక సగం దూరం నుంచే తిరిగొచ్చారు. అప్పటి నుంచి శాంతయ్య మోటారు మాటే తప్ప మరో మాట మాట్లాడలేదు.

బిడ్డ గురుతుగా వాళ్ల దగ్గర మిగిలింది ఒక నాపబండ. సమాధి మీద పరిచినది. చిన్న బిడ్డ సమాధి కాబట్టి చిన్న బండే. పైన సిలువ, కింద పేరు. నీళ్లు రాకముందు ఊరంతా దర్వాజాలూ దూలాలూ పీక్కుని ట్రాక్టర్లకు ఎక్కిస్తుంటే, శాంతయ్య ఆ బండను పెకలించి తెచ్చాడు. కాలనీ ఇంటి ముందర దాన్ని పరిచారు. దాని మీద మిరపకాయలు ఆరబోస్తామని ఎవరొచ్చినా కృపమణి ఒప్పుకునేది కాదు.

పండుగనాడు పొద్దున్నే శాంతయ్య ఇసక మూటలు భుజానికెత్తుకోబోతుంటే ఆమే ఆపింది.

"మూటలెందుకయ్యా? బండనే పెడదాం. బరువుకు బరువు. ఈ పొద్దన్నా దాని బండ దాని దగ్గరికి పోతాది."

శాంతయ్య మూటలను పక్కకు నెట్టాడు. "అట్లనే కానీ మే" అన్నాడు.

పడవ ముక్కున ఉన్న చెక్క మీద బండను పెట్టి వల తాడుతో కట్టాడు. పడవ చక్కగా మట్టమైంది. కానీ అంచుకూ నీళ్లకూ నడుమ జానెడు ఎడముండేది, ఇప్పుడు నాలుగు వేళ్లే ఉందని కృపమణి చూసింది. పూలబుట్ట ఒడిలో పెట్టుకుని కూర్చుంది.

దూరంగా పాత ఊరి నీళ్ల ట్యాంకు తల, బోర్లించిన కుండలా కనిపిస్తూ ఉంది. దానికి తూర్పునే సమాధుల దొడ్డి. మోటారు ఒక్క ఊపున లాక్కుపోయింది. నిరుడు ఆగిపోయిన చోటు దాటగానే శాంతయ్య అరిచినట్టుగా "చూసినావా!" అన్నాడు.

అంతలోనే గాలి లేచింది. అలలు ఎదురొచ్చాయి. బరువుకు ముక్కు పైకి లేవలేక, ప్రతి అలలోకీ గుచ్చుకుపోయింది. నీళ్లు కృపమణి మోకాళ్ల మీద పడ్డాయి. ఆమె మగ్గుతో తోడిపోస్తూనే ఉంది, అంతకు రెండింతలు లోపలికొస్తూనే ఉన్నాయి.

"వేగం తగ్గియ్యయ్యా!"

"తగ్గిస్తే అడ్డం తిరుగుతాది మే!"

మరో అల వచ్చింది. పడవ అడుగున నీళ్లు అటూ ఇటూ ఊగాయి.

"కృపా... ముందర తేలిక కావల్ల."

బండ అన్న మాట అతని నోట రాలేదు. మోటారు పిడి వదిలితే ఇద్దరూ నీళ్లలోనే. ముడి విప్పాల్సింది ఆమే.

తడిసిన ముడి వేళ్లకు లొంగలేదు. పళ్లతో లాగింది. పండుగకని నిన్న తాను బండ అంచులకు కొట్టిన సున్నం అరచేతులకు అంటింది. పేరు మీద చెయ్యి పడగానే ఒక్క క్షణం ఆగింది. తర్వాత రెండు చేతులా నెట్టింది. పెద్దగా చప్పుడు కూడా కాలేదు.

ముక్కు ఎగిరి లేచింది. తోక కుంగి, నీళ్లు టేకు పలకను తాకాయి.

"ఆడ కూర్చో! బండ ఉండిన తావులో! కదలాకు!"

ఆమె ఆ చెక్క మీద కూర్చుంది. పడవ సదురుకుంది.

"ఆపయ్యా. పడిన తావు గురుతు పెట్టుకుందాం."

"ఆపలేను మే."

ట్యాంకు చాటుకు చేరాక నీళ్లు నెమ్మదించాయి. శాంతయ్య మోటారు ఆపాడు. "ఇదే. పాప ఈడనే."

"పాప ఈడుండాది. పేరు యాడ్నో పడిపాయ."

సగం పూలు అక్కడ వదిలింది. మిగతా సగం బండకని దాచుకుంది. తిరిగి వచ్చేటప్పుడు గాలి పడిపోయింది. శాంతయ్య ఒకచోట నెమ్మది చేసి, "ఇదేనేమో" అన్నాడు. ఇంకొంచెం పోయి మళ్లీ "ఇదేనేమో" అన్నాడు. ఎటు చూసినా ఒకే నీళ్లు. కింద ఎవరి శనగ చేనుండేదో కూడా వాళ్లకు తెలియలేదు. ఆ పూలు బుట్టలోనే ఇంటికొచ్చాయి.

ఇంటి ముందర బండ లేచిపోయిన తావు నలుచదరంగా, తడిగా, గడ్డి మొలవని మట్టితో ఉంది. కృపమణి దాన్ని తొక్కకుండా చుట్టూ తిరిగి లోపలికి పోయింది.

సాయంత్రం ఓబుళేశు వచ్చి వాకిట్లో నిలబడ్డాడు.

"ఎట్లుండాది సాంతన్నా మోటారు?"

శాంతయ్య తల ఎత్తకుండానే జవాబిచ్చాడు. "బలంగా ఉండాదప్పా."