సూది ఉత్తరం

నల్లరాతి మీద ఎలీసమ్మ పేరు తప్ప అందరి పేర్లూ ఎక్కాయి.

మూడేళ్ల కిందటి వరదకి లంకలోని సమాధుల తోట ఒడ్డుతో సహా గోదారిలోకి జారిపోయింది. అక్కడ పడుకున్నవాళ్లందరికీ గుర్తుగా రోడ్డువార కొత్త స్థలంలో ఒకే రాయి నిలబెట్టి పేర్లు చెక్కిద్దామని సంఘం పెద్దలు అనుకున్నారు. రాయి చెక్కేవాడు పొరుగు జిల్లా మనిషి. ఈ సాయంత్రం బస్సుకి వెళ్లిపోతాడు, ఏ సంగతో మధ్యాహ్నం లోగా చెప్పమని పాస్టరుగారు కబురుపెట్టారు. మత్తయి మాస్టారు ఔననలేదు, కాదనలేదు. మనిషి ఎక్కడుందో చూడకుండా పేరెలా రాయిస్తామన్నారు.

ఎలీసమ్మ ఆయన భార్య. ఆమె ఎక్కడుందో చెప్పడానికి ఆయన దగ్గరున్నవి రెండంకెలు. హైస్కూల్లో జాగ్రఫీ చెప్పి, ఎన్.సి.సి. పిల్లల్ని నడిపించి రిటైరైన మనిషి. ఆ వరదకి ముందు, ఒడ్డు తెగుతూ తెగుతూ తోట కంచెదాకా వచ్చిన ఏడాది చాలామంది తమవాళ్ల పెట్టెలు తవ్వించి మార్చుకున్నారు. మాస్టారిని అడిగితే "చూద్దాం" అన్నారు. ఆ చూడటం ఏమిటంటే, పాత కంపాసు పట్టుకెళ్లి సమాధి మీద నిలబడి, అక్కణ్ణుంచి చర్చి గంటగోపురం ఎన్ని డిగ్రీల్లో ఉందో, మంచినీళ్ల ట్యాంకు ఎన్ని డిగ్రీల్లో ఉందో చూసుకున్నారు. గోపురం మూడొందల పద్దెనిమిది. ట్యాంకు నలభై. ఆ రెండు గీతలూ కలిసేచోట ఎలీసమ్మ.

ఆమె పోయినప్పుడు ఆయన ఏడవలేదు. ఒడ్డు విరిగిపోయిందని ఊరంతా పరిగెత్తినప్పుడూ ఏడవలేదు. లోపలంతా తిమ్మిరెక్కిన కాలులా ఉండిపోయింది. తన కాలే అని తెలుస్తుంది, అంతే.

హైదరాబాదు నుంచి వచ్చిన కూతురు పింకీ మొగుడి ఫోను వెంట తెచ్చింది. జీపీఎస్ ఉన్న ఫోను. పొద్దున్నే తండ్రీకూతుళ్లు గోపురం మొదట్లో ఒకసారి, ట్యాంకు కింద ఒకసారి నిలబడి ఆ రెండు చోట్లూ అందులో గుర్తు పెట్టుకున్నారు. తర్వాత రేవుకొచ్చి బంగారయ్య పడవెక్కారు.

"పాత కంపాసు చాలదాండీ మాస్టారూ? దాంతోనేగా పిల్లల్ని లంకంతా తిప్పి చంపేసేవోరు," అన్నాడు బంగారయ్య.

"నీ ఇంజను పక్కన దానికి పిచ్చెక్కుద్ది. చూడు."

జేబులోంచి తీసి చూపించారు. ఇంత ఇనుము దగ్గరుండేసరికి సూది ఎటూ తేల్చుకోలేక ఊగింది.

"మరి ఫోన్లో సూదికి ఎక్కదాండీ?"

"ఎక్కుద్ది బాబాయ్," అంది పింకీ. "అందుకే సూది చూడం. మనం ఎక్కడున్నామో దీనికి పైనుంచి తెలుస్తుంది. ఇక్కణ్ణుంచి గోపురం ఎన్ని డిగ్రీలో లెక్కకట్టి చెప్తుంది."

"ఆయ్. పైవాడే చెప్తాడన్నమాట. మరింకేం."

పడవ కదిలింది. మాస్టారు ఫోన్లోకి తొంగిచూశారు.

"ఏ ఉత్తరం నుంచి లెక్కపెడుతోందమ్మా ఇది?"

"ఉత్తరం ఉత్తరమే కదా నాన్నగారూ."

"కాదు. సూది చూపించే ఉత్తరం వేరు, భూమి ఇరుసు ఉత్తరం వేరు. నేను చూసింది సూదితో."

పింకీ నొక్కుతూ నొక్కుతూ పోయి, ఎక్కడో లోపల సూది ఉత్తరమన్న మాట దొరికితే దానికి మార్చింది. అంకె మారినట్టే కనపడలేదు.

"దీనికింత గొడవెందుకు నాన్నగారూ? తేడా ఏముందని?"

"మన వైపు డిగ్రీ కూడా ఉండదు. కిలోమీటరు దూరాన డిగ్రీ అంటే పదిహేడు మీటర్లు. అందులో సగం పోయినా చాలు, మీ అమ్మని వదిలేసి పక్క సమాధి సుందరరావు బాబాయి మీద ఆగుతాం. బతికుండగానే వాళ్లిద్దరికీ క్షణం పడేది కాదు."

పింకీ నవ్వింది. తండ్రి మొహం చూసి ఆపేసింది.

"ఫోనే పది మీటర్లు అటూ ఇటూ కొడుతుంది నాన్నగారూ."

"కొట్టనీ. దాని తప్పు అది చేస్తుంది. మన తప్పు మనం చెయ్యకూడదు."

ఆమె అంకెలు చదువుతూ ఉంటే ఆయన చేత్తో అటూ ఇటూ చూపించారు. బంగారయ్య తిప్పాడు. గోపురం కుదిరితే ట్యాంకు కుదరలేదు, ట్యాంకు కుదిరితే గోపురం జారింది. రెండూ కలిసే వైపు పోగా పోగా, ఎదురుగా ఇసుక పడవ ఒకటి లంగరేసి ఉంది.

"ఆళ్ల పక్కకే పోవాలాండీ?" అన్నాడు బంగారయ్య గొంతు తగ్గించి.

"పో."

ఇంజను ఆపి, ఇసుక పడవ అంచు పట్టుకుని ఆపాడు. ఒకడు నీళ్లలో మునిగి ఇనప బకెట్టు నింపుతున్నాడు. ఇంకొకడు తాడుతో లాగి పడవలో గుమ్మరిస్తున్నాడు.

"రెండూ కుదిరేయి నాన్నగారూ," అంది పింకీ.

మాస్టారు తాడు లాగేవాణ్ణి అడిగారు. "ఎంత లోతుందయ్యా?"

"రెండు నిలువులండి. తవ్వేం కదండీ, లేపోతే అంత ఉండదు."

"ఏమైనా తగుల్తాయా?"

వాడు పింకీ ఒళ్లో బంతిపూల దండ చూశాడు, బంగారయ్య మొహం చూశాడు. సంగతి అర్థమైంది.

"మొదట్లో సున్నం కొట్టిన ఇటుకలు తగిలేయండి. ఇప్పుడేం లేవండి. ఉట్టి ఇసకే."

"ఎక్కడికి తోల్తారు?"

"స్లాబులకండి. అమలాపురం, కొత్తపేట, ఎవరు పిలిస్తే ఆళ్లకి." దండ వైపు మళ్లీ చూసి, "పడవ పక్కకి తియ్యమంటారాండీ?" అన్నాడు.

"వద్దు. నిండనీ."

పింకీ దండ నీళ్లలో వదిలింది. అది దాటిపోయేదాకా వాడు తాడు లాగకుండా ఆగాడు. ఆమె కొంగుతో మొహం కప్పుకుంది. మాస్టారు ఆమె వీపు మీద చెయ్యి వేసి, బకెట్టు పైకి రావడం చూస్తూ కూర్చున్నారు. ఇసుకలోంచి నీళ్లు కారి, గోదారిలో కలిసిపోతున్నాయి. తనకి ఇప్పుడేదో రావాలని ఎదురుచూశారు. పొద్దున బీపీ బిళ్ల వేసుకోలేదన్న సంగతి గుర్తొచ్చింది. ఇంకేమీ రాలేదు.

"పాస్టరుగారికి ఫోన్ చెయ్యమ్మా. అమ్మ పేరు చెప్పు."

పింకీ కళ్లు తుడుచుకుంది. "ఛార్జింగు ఒక్క గీతే ఉంది నాన్నగారూ. ఈ జీపీఎస్ ఆపితేగాని మాటకి సరిపోదు. ఈ చోటు గుర్తు పెట్టుకుని ఆపమంటారా?"

ఆయన ఇసుక పడవ వైపు చూశారు. సగం పైగా నిండింది.

"అక్కర్లేదు. ఆపెయ్."

ఆపేసి ఫోన్ కలిపింది. అవతల పాస్టరుగారు ఏదో అడిగితే తండ్రి వైపు తిరిగింది.

"ఎవరి పక్కన చెక్కమంటారని అడుగుతున్నారండి."

"ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ," అన్నారు మాస్టారు.

బంగారయ్య ఇసుక పడవ అంచు వదిలి, ఇంజను తాడు లాగాడు.