బియ్యం డ్రమ్ములో పళ్ల సెట్టు

నేను ఒక పళ్ల సెట్టును. పైన పద్నాలుగు, కింద పద్నాలుగు, చిగుళ్లు లేతగులాబీ రంగు. విజయనగరంలో ఒక పళ్ల డాక్టరు దగ్గర మైనం అచ్చులో పుట్టి, ఇరవై రెండేళ్లు ఒకే నోట్లో బతికాను. ఆ నోరు గల మనిషి మంచివాడు. అసలు సమయానికి నేనే నా చోటులో లేకపోయాను. ఆ సిగ్గు చెప్పుకోవడానికే ఇదంతా.

ఆయన పేరు గౌరునాయుడు. బస్టాండులో మైకు ముందు కూర్చుని, ఏ బస్సు ఎక్కడికి వెళ్తుందో చెప్పే ఉద్యోగం. యాభై నిండేసరికి చిగుళ్ల జబ్బు వచ్చి పళ్లన్నీ పీకించుకోవాల్సి వచ్చింది. అలా ఇంటికి వచ్చిన రోజు భార్య వరహాలమ్మ గుమ్మంలోనే గుండెలు బాదుకుంది.

"అయ్యబాబోయ్, ఇదేటి మావా! సచ్చిపోయినోడి మొకంలాగుంది!"

ఆమె తీరే అంత. పాలు పొంగితే ఇల్లు అంటుకుంటుందని, కూతురు తుమ్మితే టైఫాయిడని భయం. ఆ మాటా భయంతో అన్నదే. ఆయన నవ్వేశాడు గాని, నేను వచ్చాక ఆమెకు మళ్లీ బోసినోరు చూపించలేదు. పడుకోబోయే ముందు గోడవైపు తిరిగి, నన్ను తీసి స్టీలు గ్లాసులో వేసేవాడు.

"ఇటు సూడకు వరాలూ."

ఆమె ముఖం అటు తిప్పుకునేది. మనుషులు చిత్రమైనవాళ్లు. ఒకరి ఎంగిలి ఒకరు తిన్నవాళ్లు, పళ్ల దగ్గర మాత్రం మడి కట్టుకున్నారు.

నా చలవతో ఆయన గొంతు మళ్లీ మైకెక్కింది. రిటైరయ్యాక ఆ గొంతు ఇంట్లోకి వచ్చేసింది. వంటింటి గుమ్మంలో నిలబడి, "ప్రయాణికులకు గమనిక, వంకాయ కూర మరికొద్ది నిమిషాల్లో దిగును" అనేవాడు. కూతురు పైడమ్మ పెళ్లిలో భోజనాల పిలుపూ ఆయన నోటితోనే. ఆ కూతురు పక్కింట్లోనే కాపురం. మనవరాలు యామిని బడికి బయల్దేరితే, "యామిని ఎక్స్‌ప్రెస్ ఒకటో నంబరు గుమ్మం నుండి బయలుదేరుటకు సిద్ధముగా ఉన్నది" అనేవాడు. అది చెప్పందే ఆ పిల్ల గడప దాటేది కాదు.

ఆయన కోరుకున్నది ఒక్కటే. "వరాలూ, నాను పోతే ముందు పళ్లెట్టు. నలుగురూ వొస్తారు. బోసినోటితో పంపకు."

"అలాటి మాటలనకు మావా" అని ఏడుస్తూనే ఒట్టు వేసింది.

మొన్న మాఘమాసంలో ఆయనకు జ్వరం తగిలింది. నాలుగో రోజుకి మగతలో పడ్డాడు. నేను జారి గొంతుకి అడ్డం పడతానేమోనని వరహాలమ్మ వణికిపోయింది. ముఖం తిప్పుకుని, చేత్తో తడుముతూ నన్ను తీసింది. జేబురుమాల్లో చుట్టి కిటికీలో పెట్టింది. కాకి ఎత్తుకుపోతే? అటక మీద పెట్టింది. ఎలుక లాక్కుపోతే? దేవుడి గూట్లో పెట్టింది. ఎంగిలి, అపచారం! చివరికి బియ్యం డ్రమ్ములో మోచేతి లోతున దాచింది.

తెల్లారేసరికి ఆయన పోయాడు.

ఆ దుఃఖంలో నేను ఎక్కడున్నానో ఆమెకి గుర్తు రాలేదు. కిటికీ, అటక, గూడు, అన్నీ తడిమింది.

"అమ్మా, ఏటెతుకుతున్నావే?" అంది పైడమ్మ.

"ఏటీ లేదు. తాళాలు."

పళ్లని చెబితే ఆయన గుట్టు బయటపడుతుంది. అవి పెట్టుడు పళ్లన్న సంగతి లోకానికి తెలియదని ఆమె నమ్మకం. నేను డ్రమ్ములో అన్నీ వింటూనే ఉన్నాను. పళ్లకి నోరుంటే కదా మాట!

"జాగు సెయ్యకండర్రా, ఎండెక్కిపోతంది" అని ఎవరో పెద్దమనిషి తొందరపెట్టాడు.

సాగనంపే ముందు ఇంటివాళ్లు పోయిన మనిషి నోటి దగ్గర నాలుగు బియ్యపు గింజలు వేయడం వాళ్ల ఆచారం. పైడమ్మ వచ్చి డ్రమ్ము మూత తీసింది. సోల దిగింది. నాకు జానెడు పైన ఆగి, నిండి, లేచిపోయింది. నేను ఉండాల్సిన చోటికి నా మీది బియ్యం వెళ్లింది. నేను వెళ్లలేదు. కొంగు కప్పి ఆ నోరు ఎవరికీ కనబడకుండా వరహాలమ్మ కాచుకుందని, తరవాత ఆడవాళ్లు చెప్పుకుంటుంటే విన్నాను.

పెద్దకర్మ వంటలకి డ్రమ్ము బోర్లించారు. రుమాలు విడిపోయి, పదిమంది ఆడవాళ్ల మధ్య చేటలో దొర్లాను. వరహాలమ్మ నా మీద కొంగు కప్పబోయింది. ఈలోగా యామిని అరిచేసింది.

"తాత పళ్లు! అమ్మమ్మా, తాత పళ్లు దొరికాయి!"

"నీకెలా తెలుసే?" అంది వరహాలమ్మ.

"నాకు తీసి సూపించేవోడు. బోసినోటితో బస్సుల పేర్లు సెప్పి నవ్వించేవోడు. అమ్మమ్మకి సెప్పకు, నా బోసినోరంటే బెదిరిపోద్ది అన్నాడు."

పైడమ్మ చేట పక్కన కూలబడింది. "తాళాలన్నావు గదే అమ్మా! పళ్లని ఒక్క మాటంటే అందరం ఎతికేవోళ్లం. బస్టాండు బస్టాండంతటికీ తెలుసు, నాన్నవి కట్టుడు పళ్లని."

వరహాలమ్మ నాకంటిన బియ్యపు దుమ్ము కొంగుతో తుడుస్తూ కూర్చుంది. తుడిచిన పన్నే మళ్లీ మళ్లీ తుడిచింది.

నన్ను ఏట్లో కలిపేయమన్నారు. ఆమె కలపలేదు. నా స్టీలు గ్లాసు మళ్లీ నాకు వచ్చింది. రోజూ సాయంత్రం నీళ్లు మారుస్తుంది. మార్చేటప్పుడు, ఆయన చెప్పినట్టే, ముఖం అటు తిప్పుకునేది.

నిన్న తిప్పుకోలేదు. గ్లాసు కళ్ల దగ్గర పెట్టుకుని, "ఇటు తిరుగు మావా, ఇంక బెదరను" అంది.

నీళ్లలో ఉన్నది నేనొక్కదాన్నే.