ఇక్కడ బ్రహ్మాండంగా వస్తోంది

అల్లుడికి తెలియనిదంటూ లేదు. ఆ మాట లోకం అనలేదు, అతనే అన్నాడు, రోజుకి నాలుగుసార్లు అంటూనే ఉంటాడు. పెద్ద ఆఫీసులో కంప్యూటర్ల సెక్షనుకి హెడ్డు. అక్కడ ఇరవై మంది నోరెత్తకుండా తన మాట వింటారట. ఇంట్లో వినేది ఇద్దరే, భార్యా, అత్తగారూ. అందులో అత్తగారు వింటున్నట్టు నటిస్తుంది, అంతే.

ఆవిడ ముప్పై రెండేళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయింది. ఏ లైను ఎక్కడ తెగిందో చెవితో పట్టేసేది. అల్లుడి లెక్కలో మాత్రం ఆవిడ టీవీ చూసుకుంటూ ఓ మూల కూర్చోవలసిన మనిషి. "ఇది మీ కాలం ఫోను కాదు అత్తయ్యా" అన్నది అతని ఊతపదం. హాల్లో ఉన్న ల్యాండ్‌లైన్ కూడా దండగ, తీయించేద్దామని ఏడాదిగా పోరుతున్నాడు. ఏమీ లేని విస్తరాకు ఎగిరెగిరి పడుతుందని ఆవిడ ఎన్నిసార్లు మనసులో అనుకుందో లెక్కలేదు. కూతురి మొహం చూసి పైకి అనలేదు.

ఆ కూతురు భవనాలకి నమూనాలు గీస్తుంది. ఎనిమిదేళ్ళు ఎవరెవరి పేర్ల కిందో గీసింది. మొన్నటికి మొన్న ఒక లైబ్రరీ భవనం కోసం తన సొంత పేరుతో నమూనా పంపితే, ఆఖరి ముగ్గురిలో నిలబడింది. ఇవాళ పదకొండింటికి కమిటీ ముందు చూపించాలి. ఇరవై నిమిషాలే ఇస్తారు. ఇది పోతే మళ్ళీ ఎవరి పేరు కిందో గీసుకుంటూ కూర్చోవాలి.

చిక్కల్లా ఆ నమూనాతోనే. దాన్ని అటూ ఇటూ తిప్పి, గోడలు విప్పి చూపించే ప్రోగ్రాం ఇంట్లోని పెద్ద కంప్యూటర్లోనే ఉంది. తన చిన్న ల్యాప్‌టాప్ దాన్ని మోయలేదు. వీడియో తీసి పట్టుకెళ్తానంది పాపం. అల్లుడు పకపకా నవ్వాడు.

"నేనుండగా వీడియో ఏమిటి? ఇంటర్నెట్‌లోంచి ఇంటి కంప్యూటర్ మీ కమిటీ రూములో తెరుచుకునేలా చేసిపెడతా. నువ్వక్కడ మౌస్ కదిపితే ఇక్కడ కదుల్తుంది. చూస్కో!"

చేసిపెట్టాడు కూడా, కాదనకూడదు. ఒక సాయంత్రం ఇద్దరూ కాఫీ షాపులో కూర్చుని చూస్తే చక్కగా తెరుచుకుంది. దాంతో వీడియో మాట మూలపడింది.

పదింబావుకి ముగ్గురూ ఒకే ఫోను కాల్లో ఉన్నారు. కూతురు కమిటీ రూము బయట వరండాలో ల్యాప్‌టాప్‌తో, అల్లుడు తన ఆఫీసులో నాలుగో అంతస్తులో, అత్తగారు ఇంట్లో ఆ పెద్ద కంప్యూటర్ ముందు. ఆవిడకి అప్పజెప్పిన పని ఒక్కటే: కూర్చోవడం, దేన్నీ ముట్టుకోకపోవడం.

"వచ్చిందండీ! నమూనా కనిపిస్తోంది" అంది కూతురు.

"వెరీ గుడ్. ఉండు, నేనూ ఓసారి చెక్ చేస్తా" అన్నాడు అల్లుడు.

అర నిమిషం కాలేదు. "అయ్యో, పోయింది!" అంది కూతురు.

"పోవడమేమిటి? నాకిక్కడ బ్రహ్మాండంగా వస్తోంది. తప్పు నీ దగ్గరే. మళ్ళీ కనెక్ట్ చెయ్యి."

చేసింది. వచ్చింది. అతను మళ్ళీ చెక్ చేశాడు. మళ్ళీ పోయింది. అక్కడి ఇంటర్నెట్ చెత్తదన్నాడు. ల్యాప్‌టాప్ డొక్కుదన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, అతని వేలు చూపించని వస్తువు లేదు. మూడోసారి పోయినప్పుడు కూతురి గొంతు వణికింది.

"ఏవండీ, తెర మీద ఏదో రాసి వచ్చింది. ఇంకెవరో ఈ కంప్యూటర్లోకి కనెక్ట్ అయ్యారు, అందుకే మీ కనెక్షన్ ఆగిపోయిందట."

"ఇంకెవరో?" అల్లుడి గొంతులో ఎక్కడలేని హుషారు వచ్చింది. "అంటే ఎవడో హ్యాకర్ దూరాడన్నమాట! అత్తయ్యా, మీరేమైనా నొక్కారా?"

"ఒళ్ళోంచి చేతులు తీస్తే ఒట్టు బాబూ."

"మీకు తెలీకుండా తగిలుంటుంది. కొంచెం దూరం జరగండి. అసలు కుర్చీలోంచే లేవండి."

ఆవిడ లేచి నిలబడింది. ఒళ్ళు మండిపోయింది. వీడొక హెడ్డు, వీడి మాట వినడానికి ఇరవై మంది! చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నాడు వెధవ. ఆవిడకి రెండోసారికే అనుమానం వచ్చింది, మూడోసారికి తేలిపోయింది. అతను 'చెక్ చేస్తా' అంటాడు, పిల్ల 'పోయింది' అంటుంది. లైనొకటే, మాట్లాడే మనిషొకడే. రెండోవాడు దూరితే మొదటివాడు బయటికి. దీనికి పెద్ద చదువులు కావాలా?

"బాబూ, నాకు తోచింది చెప్తాను, ఏమీ అనుకోకండి. మీరు లోపలికి వచ్చినప్పుడల్లా అమ్మాయి బయటికి పోతోంది. ఆ ఇంకెవరో మీరేనేమో. కాసేపు మీరు చూడ్డం మానేస్తే..."

"అత్తయ్యా!" అన్నాడు, చిన్నపిల్లకి చెప్పినట్టు ఒక్కో మాటా సాగదీస్తూ. "మా ఆఫీసు సర్వర్లో ఇరవై మంది ఒకేసారి కూర్చుని పని చేస్తారు. ఎవరూ ఎవర్నీ తోసెయ్యరు. ఇది మీ కాలం ఫోను కాదు."

"అది ఆఫీసు సర్వరు. ఇది ఇంటి కంప్యూటరు కదండీ?" అంది కూతురు నెమ్మదిగా.

"అయితే? మీ అమ్మ చెప్పిందని నువ్వు కూడానా? నేను వదిలేస్తే ఆ హ్యాకర్ మొత్తం దోచుకుపోతాడు. మీటింగ్ అయ్యేదాకా లోపలే ఉండి కాపలా కాస్తా."

కాపలా అట! గడియారం పదకొండుకి ఎనిమిది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. ఫోన్లో కూతురు ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. ఇంక చాలనుకుంది అత్తగారు. సెల్‌ఫోను బల్లమీద పెట్టేసి హాల్లోకి వెళ్ళి, దండగమారి ల్యాండ్‌లైన్ ఎత్తి, అల్లుడి ఆఫీసు రిసెప్షనుకి నంబరు తిప్పింది.

"అమ్మా, కంప్యూటర్ల సెక్షను హెడ్డుగారి అత్తగార్ని. ఆయన్ని ఒకసారి కిందికి పిలిపించు తల్లీ. పైకి మాత్రం కలపకు, మనిషి కుర్చీలోంచి లేవాలి. నేనూ ముప్పై రెండేళ్ళు నీ పనే చేశాను."

రిసెప్షన్ పిల్ల గొంతు తగ్గించింది. "ఆయన్నా? నిన్న కూడా నాకు బటన్లు నొక్కడం రాదని పదిమందిలో అన్నారు. ఎంతసేపు కావాలి మేడమ్?" అంది.

"అరగంట."

"కూర్చోబెట్టేస్తాను."

అల్లుడు రొప్పుతూ వచ్చి ఫోనందుకున్నాడు. "ఏమైంది అత్తయ్యా? సెల్లు ఎందుకు వదిలేశారు?"

"బాబూ, కంప్యూటర్లో ఏదో కదిలింది. నాకు భయమేసింది. హ్యాకరేమో!"

"ముందు మౌస్ ముట్టుకోకండి!"

"మౌస్ అంటే ఏది బాబూ?"

అతను గట్టిగా నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పులో ఎంత సుఖం! తను ఇన్నాళ్ళూ అనుకున్నంత తెలివితక్కువదే అత్తగారని రుజువైపోయింది కదా. మౌస్ అంటే ఏదో చెప్పాడు. దానికి తోకెందుకుందని అడిగిందావిడ. చెప్పాడు. కీబోర్డు మీద అక్షరాలు వరసగా ఎందుకు లేవని అడిగింది. అదీ చెప్పాడు, రిసెప్షన్‌లో అందరికీ వినిపించేలా గొంతు పెంచి మరీ. అతను పైకి వెళ్తాననబోయినప్పుడల్లా "అదిగో, మళ్ళీ కదిలింది!" అంది. పక్కగదిలో బల్లమీదున్న సెల్‌ఫోన్లోంచి, మళ్ళీ కనెక్టయిన కూతురి గొంతు సన్నగా వినిపిస్తోంది. ఇది పిల్లలు చదువుకునే గది, ఈ గోడ ఇలా తెరుచుకుంటుంది, పొద్దుటి వెలుగు ఇటునుంచి పడుతుంది. ఆ గొంతులో వణుకు లేదు. ఒక్కసారి కూడా 'పోయింది' అనలేదు.

పదకొండున్నరకి అత్తగారు "ఆగిపోయింది బాబూ, ఇంక కదలట్లేదు" అని ఫోను పెట్టేసింది.

సాయంత్రానికి కబురొచ్చింది. లైబ్రరీ కూతురిదే. తలుపు తీసిన తల్లిని కావలించుకుని ఏడ్చేసింది పిల్ల. వెనకే వచ్చిన అల్లుడు షూ విప్పకుండానే మొదలెట్టాడు.

"చూశావా? నేను పొద్దున్న అంతసేపు కుస్తీ పడితే గానీ ఆ హ్యాకర్ తోక ముడవలేదు. మధ్యలో మీ అమ్మ! మౌస్ అంటే ఏదని అడిగిందే! ఆఫీసంతా నవ్వారు."

కూతురు తల్లి వైపు చూసింది. తల్లి టీవీ వైపు చూసింది. పిల్ల తన గదిలోకి వెళ్ళి, కంప్యూటర్ ముందు పది నిమిషాలు కూర్చుని, అల్లుడు పెట్టిన పాస్‌వర్డ్ తీసేసి తన సొంతది పెట్టుకుంది. బయటికొచ్చి ఏం చేసిందో తల్లి చెవిలో చెప్పింది.

మర్నాడు పదింటికి ల్యాండ్‌లైన్ మోగింది.

"అత్తయ్యా, ఇంటి కంప్యూటర్లోకి నన్ను రానివ్వట్లేదు. పొద్దుట్నుంచీ ప్రయత్నిస్తున్నా. మీరేమైనా నొక్కారా?"

ఆవిడ రిసీవరు చెవికి ఆనించుకుని, తలుపు సందులోంచి గదిలోకి చూసింది. పెద్ద తెర మీద లైబ్రరీ మెట్లు ఒక్కొక్కటే లేస్తున్నాయి. కూతురు తలెత్తకుండా గీస్తోంది.

"లేదు బాబూ. ఇక్కడ బ్రహ్మాండంగా వస్తోంది. తప్పు మీ దగ్గరే."